బెల్టు కొనాల్సింది మోయించేవాళ్ళు

ఆషాఢం వెళ్ళిందంటే మా బంధువుల్లో ఎవరో ఒకరు ఇల్లు మారతారు. ఈసారి మా పిన్ని కొడుకు. నెల్లూరు మూలాపేటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి హరనాథపురంలో రెండో అంతస్తులోకి దిగుతున్నాడు. ఇంటి వాట్సాప్ గ్రూపులో వాడు పెట్టిన మెసేజ్ ఇది: "ఆదివారం పొద్దున్నే మగాళ్ళు నలుగురు వస్తే చాలు. బీరువా, ఫ్రిజ్, డబుల్ కాట్ మనమే దించుకుందాం. హమాలీలకు డబ్బులు దండగ." నేను వెంటనే రాశాను: "నా దగ్గర లిఫ్టింగ్ బెల్టులు ఉన్నాయి, వచ్చి తీసుకుపో తమ్ముడూ. అవి లేకుండా బీరువా మీద చెయ్యి వెయ్యొద్దు."

బరువైన సామాను కింద నుంచి పోనిచ్చి ఇద్దరు చెరోవైపు తగిలించుకుని మోసే పట్టీలవి. నా మెసేజ్ మీద సాయంత్రం దాకా చర్చ నడిచింది. ఒక్క బీరువాకి ఇంత రాద్ధాంతమా అని ఒకరు. మన తాతలు బెల్టులు కట్టుకుని మోశారా అని ఇంకొకరు. మా చిన్నాన్న మాత్రం ఆలోచించాల్సిన ప్రశ్నే వేశారు. "రోజూ అదే పని చేసే హమాలీలే వాడరు కదమ్మా, మనకెందుకు?"

గ్రూపులో దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను. హమాలీలు వాడకపోవడానికి కారణం వాళ్ళ దగ్గర లేదు, మన దగ్గర ఉంది. సామాను ఎవరిదో, మోయమని ఎవరు పిలిచారో, బెల్టు వాళ్ళే తెచ్చిపెట్టాలి. దాన్ని బిగించుకోవడానికి పట్టే టైము ఇవ్వాలి, ఆ టైముకి కూలి కూడా ఇవ్వాలి. మోసేది హమాలీ అయినా, షోరూం కుర్రాడైనా, బిర్యానీ పెడతామంటే వచ్చిన బావమరిది అయినా ఇదే లెక్క.

బరువు అంతే ఉంటుంది

బెల్టు వేస్తే బీరువా తేలికైపోతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. అది నమ్మొద్దు. తొంభై కిలోల బీరువా బెల్టు మీదా తొంభై కిలోలే. మారేది ఆ బరువు ఒంట్లో ఎక్కడ పడుతుందన్నది.

వంగి వస్తువు ఎత్తినప్పుడు వెన్ను వెనకాల కండరాలు వెన్నెముకకు దాదాపు 5 సెంటీమీటర్ల దూరం నుంచి లాగుతాయి. చేతుల్లో బరువేమో వెన్నెముకకు 40 సెంటీమీటర్లు ముందుంటుంది. అంటే ఎనిమిది రెట్లు. 20 కిలోల వస్తువుని అలా పట్టుకుంటే నడుము కండరం 160 కిలోల బలంతో లాగాలి. మన ఒంటి పైభాగం బరువు ఇందులో కలపలేదు. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1991లో సవరించిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా సరే చేతులతో ఎత్తే బరువుకు 23 కిలోల దగ్గర గీత గీసింది. ఇద్దరు కలిసి ఎత్తే బీరువాలో ఒక్కొక్కరి వాటా దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది.

పైగా బీరువాకి పట్టు ఉండదు. కింద రేకు అంచు తప్ప వేళ్ళు దూరే చోటు లేదు. అక్కడ పట్టుకోవాలంటే నేల దాకా వంగాలి. వంగి, మెడ పక్కకు తిప్పి, ఎదుటివాడు సరేనన్నాడో లేదో వినకుండానే లేస్తారు. నడుము పట్టేసేది సరిగ్గా ఆ క్షణంలోనే.

బెల్టు ఈ వంగడాన్ని తప్పిస్తుంది. రెండు రకాలున్నాయి. ఒకటి చేతికి వేసుకునేది. రెండు పొడవాటి పట్టీలు, వాటి చివర్లలో చెయ్యి దూరేలా కుట్టిన కంతలు. సామాను కింద నుంచి పట్టీలు పోనిచ్చి, ఇద్దరూ చెరోవైపు ఆ కంతలు ముంజేతి మీదికి, మోచేతికి దగ్గరగా ఎక్కించుకుంటారు. మణికట్టు దగ్గర వేసుకుంటే నరాలు నొక్కుకుపోయి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. రెండోది భుజాలకు తొడుక్కునేది, దానికి సామాను కింద ఒకే పట్టీ. రెండింటిలోనూ ముందు మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా పెట్టి, పట్టీ బిర్రుగా అయ్యేదాకా పొడవు సరిచేసుకోవాలి. తర్వాత ఇద్దరూ ఒకేసారి మోకాళ్ళ మీద లేస్తే చాలు, సామాను నేల నుంచి రెండు మూడు అంగుళాలు లేస్తుంది. అంతకంటే అక్కర్లేదు. వేళ్ళకి పట్టు పని ఉండదు కాబట్టి చేతులు పైభాగం ఊగకుండా చూసుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో లిఫ్టింగ్ బెల్టు అని వెతికితే ముందు వచ్చేవి జిమ్‌లో నడుముకి బిగించే వెడల్పాటి తోలు బెల్టులు, మణికట్టుకి చుట్టుకునే పట్టీలు. అవి ఈ పనికి రావు. ఇక మందుల షాపుల్లో దొరికే నడుము బెల్టు కట్టుకుని బీరువా ఎత్తేవాళ్ళని చూస్తే నాకు భయం వేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ బెల్టు వల్ల గాయం తప్పుతుందనడానికి ఆధారం లేదని ఇందాక చెప్పిన సంస్థే 1994లో తేల్చింది. అది కట్టుకున్నాక ఇంకో పది కిలోలు ఎత్తొచ్చన్న ధైర్యం మాత్రం వచ్చేస్తుంది.

నలుగురు గుమ్మం దగ్గర ఇద్దరవుతారు

"నలుగురు మగాళ్ళు" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. బీరువా వెడల్పు మూడడుగులు, లోతు అడుగున్నర. దాని చుట్టూ నలుగురు నిలబడితే సరిగ్గా పట్టు దొరికేది ఇద్దరికే. హాల్లో ఎలాగో నడిపిస్తారు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న ఇద్దరూ దారి లేక చెయ్యి వదిలేస్తారు. అప్పటిదాకా ఇరవై, ఇరవై అయిదు కిలోలు మోస్తున్నవాడి మీద ఒక్కసారిగా నలభై అయిదు పడుతుంది. అదీ గడప దాటడానికి కాలు ఎత్తిన సమయంలో.

దర్గామిట్టలో మా పక్కింటాయనకి జరిగింది ఇదే. ఆయనది ఫ్రిజ్, డబుల్ డోర్. గుమ్మంలో పక్కవాడు చెయ్యి వదిలెయ్యగానే ఆయన దాన్ని పొట్టకు ఆనించి ఆపారు. ఫ్రిజ్‌కి సొట్ట కూడా పడలేదు. ఆయన ఈ రోజుకీ బండికి సెంటర్ స్టాండ్ వెయ్యలేరు. ఎవరైనా దారిన పోయే కుర్రాడిని పిలిచి వేయించుకుంటారు.

ఫ్రిజ్ అంటే గుర్తొచ్చింది. దాని బరువంతా వెనక కింద, కంప్రెసర్ దగ్గర ఉంటుంది. బెల్టు సరిగ్గా మధ్యలో వేస్తే అది వెనక్కి వాలుతుంది. పట్టీ కొంచెం వెనక వైపుకి జరపాలి. ముందు తలుపున్న వాషింగ్ మెషిన్ అయితే లోపల ఊగకుండా కాంక్రీటు దిమ్మె ఉంటుంది. చూడటానికి చిన్నదే, అరవై కిలోల పైమాటే.

తాతల సంగతీ చెప్పాలి. మన తాతలు ఉత్త వేళ్ళతో మోయలేదు. మందసానికి మోకు చుట్టి, మోకులో బొంగు దూర్చి, ఆ బొంగుని భుజాల మీద పెట్టుకునేవాళ్ళు. బరువు కాళ్ళ మీదికి దిగేది, నడుము నిటారుగా ఉండేది. పల్లకీ మోసే బోయీలు ఎత్తు చూసి జత కడతారు, పొట్టివాణ్ణీ పొడుగువాణ్ణీ ఒకే వరసలో పెట్టరు. బెల్టు వాడేటప్పుడు కూడా మొదటి నియమం అదే. ఎత్తులో తేడా ఉంటే సామాను పొట్టివాడి వైపు వాలి బరువు అటు పడుతుంది, అప్పుడు పొడుగువాడి వైపు పట్టీని ఆ మేరకు వదులు చెయ్యాలి. మోకూ బొంగూ పోయి, వాటి చోట ఏమీ రాకుండా మధ్యలో రెండు తరాలు చేతుల మీద గడిచిపోయాయి. తాతల పేరు చెప్పి మనం చేస్తున్నది తాతలు చెయ్యని పని.

మేస్త్రీ మాట

ఇప్పుడు చిన్నాన్న ప్రశ్న. దీన్ని నేను స్టోన్‌హౌస్‌పేటలో ఒక హమాలీ మేస్త్రీని అడిగాను. నేను ఇల్లు మారినప్పుడు ఆయన ముఠానే వచ్చింది. యాభై దాటిన మనిషి. బెల్టులు చూపిస్తే తీసుకుని ముందు కుట్లు చూశారు, తర్వాత రెండు చేతులా పట్టీ లాగి చూశారు.

"మంచియ్యే అమ్మా. కాదనేది లేదు. కానీ మాకు లోడుకింతని ఇస్తారు. ఇది బిగించుకోను పది నిమిషాలు, ఇద్దరికీ సమం చేసుకోను ఇంకో అయిదు. సాయంత్రానికి ఒక లోడు పోతుంది. ఆ లోడు కూలి ఎవురిస్తారు?"

నేను జవాబు వెతుక్కునేలోపే ఇంకోటి అన్నారు. "చేత్తో పట్టుకుంటే జతగాడు జారినా నేను వదిలేసి పక్కకు దూకతాను. ఇది భుజానికి తగిలించుకుంటే ఎట్టా దూకేది? వాడితోపాటు నన్నూ లాక్కుపోద్ది."

బెల్టు మీద నేను విన్న అభ్యంతరాల్లో బలమైనవి ఈ రెండే. మిగతావన్నీ అలవాటు లేక అనేవి.

మొదటిదానికి జవాబు ఆయన ప్రశ్నలోనే ఉంది. పోయే లోడు కూలి మనం ఇవ్వాలి. లోడుకింత అని మాట్లాడుకుని, ఆ లోడు ఎంత త్వరగా అయితే అంత మంచిదని గేటు దగ్గర నిలబడి తొందరపెట్టేది మనమే. ట్రాలీ ఆటో వెయిటింగ్ చార్జీ పెరుగుతోందనో, వర్జ్యం వచ్చేస్తోందనో. ఆ తొందరలో బెల్టు విప్పుకుని కూర్చునే హమాలీ ఉండడు. అందుకే బెల్టు కొనిచ్చేస్తే సరిపోదు అంటాను. పావుగంట టైముకీ లెక్క కట్టి ముందే చెప్పాలి. నేను అలా చెప్పినప్పుడు మేస్త్రీ ముఠాలో కుర్రాళ్ళు బెల్టు కట్టుకున్నారు. మేస్త్రీ కట్టుకోలేదు. ఆయన్ని నేను బలవంతం చెయ్యలేదు, చెయ్యకూడదు కూడా. ముప్పై ఏళ్ళుగా ఒక పద్ధతిలో మోస్తున్న ఒంటికి కొత్త పద్ధతి పెద్ద బీరువాతో మొదలుపెట్టడం ప్రమాదం. ముందు ఖాళీ టీపాయ్‌తో, తర్వాత సోఫాతో అలవాటు పడాలి.

రెండో అభ్యంతరం మీద నేను చాలా ఆలోచించాను. చదునైన నేల మీద దానికి జవాబుంది. సామాను లేచేది మూడంగుళాలే కాబట్టి, జతగాడు తప్పినా అది మూడంగుళాలు కిందికి దిగి నేల మీద కూర్చుంటుంది, పట్టీ వదులైపోతుంది. ఛాతీ ఎత్తున చేతుల్లో పట్టుకున్న సామాను జారితే పాదాల మీద పడుతుంది. నేల మీద బెల్టే మేలు.

మెట్ల మీద మాత్రం మేస్త్రీ అన్నదే నిజం.

మెట్ల దగ్గర నేను వెనక్కి తగ్గుతాను

మెట్ల మీద సామాను వాలగానే బరువు కింద ఉన్నవాడి మీదికి జరుగుతుంది. పైవాడు దారి చూపిస్తున్నట్టు ఉంటాడు, కిందివాడు మోస్తుంటాడు. భుజం బెల్టుతో కట్టేసి ఉంటే కిందివాడికి తప్పుకునే దారి లేదు. మెట్ల మీద సామాను కదులుతుంటే కింద ఇంకెవరూ ఉండకూడదు. మన ఇళ్ళల్లో పిల్లలు సరిగ్గా అక్కడే నిలబడి చూస్తుంటారు.

మూలాపేట, రంగనాయకులపేట సందుల్లో పాత ఇళ్ళ మెట్లు చూసినవాళ్ళకి తెలుసు. రెండున్నర అడుగుల వెడల్పు, మలుపులో చాప ముక్కంత ల్యాండింగ్, ఒక పక్క పిట్టగోడ. ఆరున్నర అడుగుల బీరువా ఆ మలుపు తిరగాలంటే నిలబెట్టి, దాని మూల మీద తిప్పాలి. అక్కడ బెల్టు ఉపయోగం సున్నా. కాబట్టి నా మాట ఇంత: బెల్టు నేల మీద, వాకిలి నుంచి ఆటో దాకా. మెట్ల మీదికి వచ్చేసరికి ముందు విడగొట్టగలిగింది విడగొట్టాలి. డబుల్ కాట్ బోల్టులు విప్పితే నాలుగు ముక్కలవుతుంది. బీరువాలో చీర మడత కూడా ఉండకూడదు, అద్దం ఊడదీయాలి, తలుపులు తాళం వేసి దుప్పటి చుట్టి తాడుతో కట్టాలి. మెట్ల మీద వాడక తప్పదనుకుంటే చేతి బెల్టు వాడండి. భుజం బెల్టు మాత్రం అలవాటైన జతకే వదిలేయండి.

కొత్త కాలనీల్లో మెట్ల నుంచి పట్టకపోతే తాళ్ళు కట్టి బాల్కనీ మీదుగా లాగుతారు. అది చూసినప్పుడల్లా నా కళ్ళు బీరువా మీద ఉండవు, పక్కన పోతున్న కరెంటు తీగల మీద ఉంటాయి. ఇనప బీరువా గాల్లో ఒక్క ఊపు ఊగితే చాలు. తీగలు దగ్గరున్న ఇంట్లో ఆ పద్ధతి వద్దే వద్దు.

బెల్టులోనూ లోపాలున్నాయి. డబ్బా మీద మూడొందల కిలోల పైన ఆగుతుందని రాసి ఉంటుంది. పట్టీ ఆగుతుంది, దాని చివర ఉన్న ఇద్దరి మోకాళ్ళ గురించి డబ్బా మీద ఏమీ ఉండదు. బీరువా రేకు అంచు కత్తిలా ఉంటుంది, పట్టీని కోసేస్తుంది. అంచు దగ్గర గోనెపట్టా మడిచి పెట్టాలి. కుట్టు ఊడినా, అంచు నూలులా లేచినా ఆ పట్టీని పారేయాల్సిందే, ముడి వేసి వాడకూడదు.

గేటు దాకా ఫ్రీ

మాగుంట లేఅవుట్‌లో మా స్నేహితురాలు కొత్త ఫ్లాటుకి టేకు వార్డ్‌రోబ్ కొనుక్కుంది. ఏ షోరూమో చెప్పను, అన్నిచోట్లా అంతే. ఫ్రీ డెలివరీ అన్నారు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. లిఫ్టులో పట్టలేదు. ఫ్రీ అంటే గేటు దాకానే, మూడో అంతస్తుకి ఎనిమిది వందలు ఇవ్వాలన్నారు. అయిదు వందలకి బేరం కుదిరింది. పైకి తెచ్చి దించాక వాళ్ళలో ఒకడికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాను. వాడు రెండు అరచేతుల మధ్య పెట్టి పట్టుకున్నాడు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. నాలుగు వేళ్ళ మీదా ఒకే వరసలో ఎర్రటి గాడి, కింది చెక్క అంచు దిగినంత లోతున.

వార్డ్‌రోబ్ ఖరీదు యాభై వేల పైన. ఒక జత బెల్టులు వెయ్యికి అటూ ఇటూ వస్తాయి. రోజూ నాలుగైదు ఇళ్ళకు సామాను పంపే షోరూం ఆ వెయ్యి ఎందుకు పెట్టదు? ఎందుకంటే ఆ వేళ్ళు వాళ్ళవి కావు, అడిగేవాళ్ళూ లేరు. కొనేటప్పుడు రంగు అడుగుతాం, వారంటీ అడుగుతాం, ఈఎంఐ అడుగుతాం. పైకి ఎలా తెస్తారు, దేనితో తెస్తారు అని అడగం.

చట్టం ఉంది కదా అంటారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో, గాయపడేంత బరువు ఎవరిచేతా మోయించకూడదని ఉండేది. అదీ ఫ్యాక్టరీ గోడల లోపలే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు మగవాళ్ళు ఒంటరిగా మోసే బరువు 55 కిలోలు దాటకూడదంటుంది. మా నాన్న బుచ్చిరెడ్డిపాళెంలో రైసుమిల్లు గుమస్తా. నా చిన్నతనంలో అక్కడ 75 కిలోల ధాన్యం బస్తా మెడ వెనకేసుకుని, వాలు చెక్క మీదుగా లారీ ఎక్కేవాళ్ళు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి పుట్టికి పదకొండు బస్తాల పైన. రోజుకి ఎన్ని పుట్లు ఎక్కాయో మా నాన్న పుస్తకంలో ఉండేది. ఎవరి నడుము ఎప్పుడు పోయిందో రాసే పుస్తకం మిల్లులో లేదు. ఇప్పుడు సిమెంటు బస్తా 50 కిలోలు, యూరియా 45. బస్తా బరువు తగ్గించడం సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. బీరువాని అలా తగ్గించలేం, అందుకే మోసే పద్ధతి మీద పట్టుబడుతున్నాను.

వంటగది గ్రానైటుదీ ఇదే కథ. చీమకుర్తి క్వారీలో ఘనమీటరు రాయి దాదాపు మూడు టన్నులు. అక్కడ దాన్ని చేత్తో ఎత్తాలని ఎవరూ అనుకోరు, క్రేను ఉంటుంది. అదే రాయి 20 మిల్లీమీటర్ల పలకై మన ఇంటికి వచ్చాక, ఎనిమిదడుగుల పొడవు రెండడుగుల వెడల్పు ముక్క సుమారు 88 కిలోలు తూగుతుంది. చదరపు అడుగుకి అయిదున్నర కిలోల లెక్కన. దాన్ని ఇద్దరు మనుషులు, నిలువుగా పట్టుకుని, ఉత్త చేతులతో మెట్లెక్కిస్తారు. పడుకోబెడితే విరుగుతుంది కాబట్టి పలక విషయంలో మనం చాలా జాగ్రత్తగా ఉంటాం. "మెల్లగా, మెల్లగా, మూల తగులుద్ది" అని అరుస్తాం. మూల అంటే పలక మూల.

హమాలీల తరఫున మాట్లాడుతూ వాళ్ళ పని తెలియని టీచరమ్మ సలహాలిస్తోందని ఎవరైనా అనొచ్చు. నిజమే, నేను ఎప్పుడూ బస్తా మోయలేదు. అందుకే ఎలా మోయాలో మేస్త్రీకి చెప్పడం నా పని కాదని ఒప్పుకుంటాను. నేను చెబుతున్నది డబ్బులిచ్చేవాళ్ళకి, ఆ వరసలో నేనూ ఉన్నాను. బెల్టు తెచ్చిపెట్టడం, టైముకి కూలి ఇవ్వడం, విడగొట్టగలిగింది ముందే విడగొట్టి ఉంచడం, పిల్లల్ని మెట్ల కింద నుంచి పక్కకు పంపడం. వీటికి బస్తా మోసిన అనుభవం అక్కర్లేదు.

మా తమ్ముడు చివరికి బెల్టులు తీసుకెళ్ళాడు. ఆదివారం ముగ్గురు వస్తున్నారట, బీరువాకి మాత్రం మేస్త్రీ ముఠాని మాట్లాడుకున్నాడు. మెట్ల దాకా బెల్టు, మెట్ల మీద వాళ్ళ పద్ధతి, అదనపు గంటకి అదనపు కూలి అని ఒప్పందం. దసరాకి మా చెల్లెలు వేదాయపాళెంలో కొత్త ఇంటికి డైనింగ్ టేబులూ సోఫా కొంటుందట. షోరూంకి నేనూ వెళ్తున్నాను. బిల్లు కట్టే ముందు బెల్టు ఉందా, పైదాకా తేవడానికి కుర్రాళ్ళకి ఇచ్చేది బిల్లులో కలిపారా అని అడుగుతాను. లేదంటే పక్క షాపులో కూడా అదే అడుగుతాను. మీరు కూడా అడగండి.